రుచికి దగిన చుట్ట

లోకమునందు రుచులు పెక్కువిధములని పెద్దలు చెప్పుదురు. ఒకనికి ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. మఱియొకనికి పెరుగన్నము చాలును. ఇట్టి విషయములలో ఒకరి రుచిని వేఱొకరు ప్రశ్నింపకుండుట మర్యాదగా నెంచబడుచున్నది. చుట్ట కాల్చువారును తమ యలవాటును గూర్చి యెవ్వరైన నడిగినప్పుడు ఈ మర్యాదనే యడ్డము పెట్టుకొందురు. ఒకడు లంకపొగాకు తప్ప వేఱొకటి ముట్టడు. ఒకడు తిరుచిరాపల్లి చుట్టయే చుట్ట యనును. పట్టణవాసి యొకడు క్యూబాదేశమునుండి వచ్చిన చుట్టకు వేయిరూపాయలైన నిచ్చి కొని, దానిని దేవతార్చన పెట్టెవలె భద్రముచేయును. మీరేల కాల్చుచున్నా రనిన, "నా రుచి నాది" యని యందఱు నొక్కటే మాట చెప్పుదురు. ఆ మాట యెంతవఱకు నిజము? ఈ రుచి వారికి పుట్టుకతో వచ్చినదా? తామై వెదకి సంపాదించుకొన్నదా? లేక యితరులు వండి వడ్డించినదా? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రముకంటె ముందుగా చరిత్రము ప్రత్యుత్తర మీయవలసియున్నది.

ఆవకాయ మాట వచ్చినది గనుక దానినుండియే మొదలుపెట్టుదము. అందలి ఆవపిండి ప్రాచీనము, మామిడికాయ ప్రాచీనము, కారము మాత్రము క్రొత్తది. మిరప అమెరికాఖండపు మొక్క. పోర్చుగీసువారు సముద్రమార్గమున వచ్చిన పిమ్మటనే అది మనకు లభించినది. పొగాకును ఆ ఖండమునుండి వచ్చినదే. చరకసంహితయందు ధూమపానమును గూర్చి చెప్పబడియున్నది గాని, అది ఓషధులను నూఱి వత్తిగాచేసి పీల్చెడి వైద్యవిధి. అందు పొగాకు లేదు. 1492వ సంవత్సరము నవంబరు మాసమున కొలంబసు పంపిన రోడ్రిగో దె హెరెజ్, లూయీ దె తోరెస్ అను నిరువురు క్యూబాద్వీపములోని పల్లెలకు బోయి, అచ్చటి జనులు ఎండిన యాకును చుట్టగాచుట్టి ఒకకొన నంటించి రెండవకొన పీల్చుట చూచిరి. ఐరోపావారు చుట్టను చూచుట అదియే మొదలు. 1560లో లిస్బనునందు ఫ్రాన్సు రాయబారిగా నున్న జీన్ నికో ఈ మొక్కను ఔషధమని తన రాణికడకు పంపెను. ఆతని పేరే నేటికిని ఈ మొక్క శాస్త్రనామమునందును, దానిలోని విషమైన నికోటినునందును నిలిచియున్నది.

దీని విత్తనము మిక్కిలి సూక్ష్మము. ఒక గ్రాముబరువున పదివేలకుమించి గింజలుండును. ఓడవాని సంచిలో చిటికెడు గింజలున్న చాలు, ఒక దేశమంతయు పాకవచ్చును. అట్లే పాకినది. మన తెలుగువారు దానికి పొగాకని అచ్చతెనుగు పేరు పెట్టిరి. చుట్టబడినది గనుక చుట్ట యనిరి. అరవవారి "చురుట్టు" అను మాటనుండియే ఇంగ్లీషువారు "చెరూట్" అను పదమును చేసికొనిరి. ఇంటిపేరు పెట్టుకొన్న పిమ్మట పరాయిబిడ్డయు ఇంటిబిడ్డ యగును. ఒక రెండుమూడు తరములు గడచునప్పటికి పొగాకు మన తాతముత్తాతల సొత్తువలె కనబడసాగెను.

ఉత్తరదేశమున దీని ప్రవేశమును గూర్చి అసద్‌బేగను మొగలాయి యుద్యోగి వ్రాసియుంచిన వృత్తాంతము మిగుల చిత్రమైనది. అక్బరు పాదుషా పనుపున బిజాపురమునకు బోయిన యితడు 1604 ప్రాంతమున మరలివచ్చుచు, అచ్చట తానెన్నడు నెఱుగని పొగాకును చూచి, రత్నములు పొదిగిన గొట్టమును సిద్ధముచేయించి పాదుషాకు కానుకగా సమర్పించెను. పాదుషా వేడుకకై రెండుమూడుమార్లు పీల్చెను. వైద్యుడు వెంటనే యడ్డుపడి, ఇది మన గ్రంథములలో లేదు, దీని గుణము తెలియదు, పరీక్షింపక పుచ్చుకొనరాదని మనవిచేసెను. అసద్‌బేగు ఊరకుండలేదు. పరంగులలోను బుద్ధిమంతులు కలరనియు, లోకములోని ప్రతి యాచారమును ఒకప్పుడు క్రొత్తదే యనియు, గ్రంథములలో లేదన్నంతమాత్రమున త్రోసిపుచ్చరాదనియు వాదించెను. పాదుషా ఆ వాదమును మెచ్చుకొనెను. అయినను తాను మాత్రము ఆ యలవాటును చేసికొనలేదు. అసద్‌బేగు తెచ్చిన పొగాకు ప్రభువుల యిండ్లకు పంపబడెను, వారు మఱల మఱల నడిగిరి, వర్తకులు అమ్మసాగిరి, ఆచారము వ్యాపించెను.

సంస్కారాభిమానులైన చదువరులు ఈ కథయొద్ద ఒక నిమిషము నిలువవలెను. గ్రంథములలో లేదని క్రొత్తదానిని త్రోసివేయరాదను మాట మనదే. బాలికలకు చదువు చెప్పింపవలెననినప్పుడును, వితంతువులకు వివాహము చేయవలెననినప్పుడును మన పెద్దలు ఈ మాటనే చెప్పిరి. అది మంచిమాట. కాని ఆగ్రాకొలువులో ఆ మంచిమాటయే పొగాకునకు వాకిలి తీసినది. వైద్యుడు ఛాందసుడుగను, అసద్‌బేగు అభ్యుదయవాదిగను కనబడినారు. నాలుగువందల యేండ్లు గడచినపిమ్మట చూడగా, పరీక్షింపక పుచ్చుకొనరాదన్న వైద్యునిమాటలోనే శాస్త్రబుద్ధి యెక్కువగా నున్నదని తేలుచున్నది. గ్రంథములలో లేదనుట యొకటి, పరీక్షింపబడలేదనుట మఱియొకటి. మొదటిది త్రోయదగిన యాక్షేపణ, రెండవది వినదగినది. ఆ వైద్యుడు రెంటిని గలిపి చెప్పెను గనుక ఓడిపోయెను.

ఆ 1604వ సంవత్సరముననే ఇంగ్లండునందు మొదటి జేమ్సురాజు పొగాకును దూషించుచు ఒక చిన్నపుస్తకము ప్రకటించి, దానిపై సుంకమును పౌను ఒకటికి రెండుపెన్నీలనుండి ఆఱుషిల్లింగుల పదిపెన్నీలకు పెంచెను. ఇచ్చట జహంగీరు పాదుషా 1617లో పొగత్రాగుటను నిషేధించెను. ఇరువురు రాజులును ఓడిపోయిరి. ఇంగ్లండునందు పొగాకు సుంకము రాజ్యమునకు ఆదాయమయ్యెను. హిందూదేశమున రైతునకు రొక్కపుపైరయ్యెను. 1962లో అమెరికా సంయుక్తరాష్ట్రములు క్యూబా సరకును నిషేధించినప్పుడును క్యూబాచుట్టపై మోజు హెచ్చెనే కాని తగ్గలేదు. దొరకని వస్తువునకు రుచి యెక్కువ. నిషేధమొక్కటియే రుచిని మార్పజాలదనుటకు ఈ మూడు నిదర్శనములు చాలును.

ఇక మన తెలుగునాటికి వత్తము. పదునేడవ శతాబ్దముననే గోలకొండరాజ్యపు తీరభూములలో పొగాకు పండుచుండెను. మచిలీపట్టణపు రేవునుండి తూర్పుదేశములకు బోవు సరకులలో అదియు నొకటి. కాలక్రమమున దీనికి ప్రసిద్ధమైన నెలవు గోదావరి లంకలు. గోదావరి పాయలనడుమ ఏర్పడిన దిబ్బలను మనవారు లంకలందురు. ఏటేట వఱద ఆ దిబ్బలను ముంచి క్రొత్త యొండ్రుమట్టిని పఱచిపోవును. వఱద తీసిన పిమ్మట రైతు నారుపోసి నాటును. మొక్క పూతకు రాబోవునప్పుడు తల త్రుంచివేయును, ప్రక్కపిలకలను గిల్లివేయును. పువ్వునకును గింజకును పోవలసిన సారమంతయు ఆకులలోనే నిలిచి, ఆకు దళసరియై ఘాటెక్కును. కోసిన యాకును నీడపట్టున గాలికి వ్రేలాడదీసి మెల్లగా ఆరనిచ్చి, పిదప కుప్పవేసి మాగబెట్టుదురు. కుప్ప తనంతట తానే వేడెక్కును; పచ్చివాసన పోయి, రంగు ముదిరి, కమ్మని వాసన పుట్టును. లంకపొగాకు ప్రియులు "మా రుచి" యని చెప్పుకొనునది గోదావరివఱద, రైతు గోరు, గాలి, కుప్పలోని వేడి, ఈ నాలుగును కలిసి చేసిన పని. కాల్చువానివంతు అందులో కడపటిది.

అయినను కాల్చువాని నేర్పును తక్కువ చేయరాదు. ఎన్నికయందు ఒక విద్య కలదు. పల్లెలలో పొగాకు ప్రియుడు ఆకునే కొని, నీళ్లుచల్లి మెత్తపఱచి, ఈనెతీసి, అఱచేతిలో తానే చుట్టుకొనును. పట్టణములలో అమ్ముడుపోవు చుట్టకు మూడు పొరలుండును: లోపల నింపిన యాకు, దానిని పట్టియుంచు ఆకు, అందముకై చుట్టిన పైయాకు. తెలిసినవాడు మొదట పైయాకు నునుపును, రంగును చూచును. పిదప వ్రేళ్లనడుమ మెల్లగా నొక్కి, ఒకచోట గట్టిగను ఒకచోట డొల్లగను లేకుండునట్లు పరీక్షించును. వెలిగించిన మీదట నిప్పు చుట్టును సమముగా ప్రాకుచున్నదా, బూడిద రాలక నిలుచుచున్నదా యని కనిపెట్టును. మిగుల ఎండినది మండును; మిగుల చెమ్మగిలినది ఆరిపోవును. లేతరంగు పైయాకు గలది తేలికయనియు, నల్లనిది ఘాటనియు సామాన్యులు తలంతురు గాని, అది సరికాదు; ఘాటును నిర్ణయించునది ముఖ్యముగా లోపలియాకు. ఇంత నేర్పును సంపాదించినవాడు తన రుచిని గూర్చి గర్వపడుటలో వింతలేదు. వింత యేమన, ఆకు పుట్టుకను గూర్చి ఇంతగా విచారించువాడు ఆ యలవాటు తనకు పుట్టిన విధమును మాత్రము విచారింపడు.

లంకచుట్ట కీర్తి సముద్రములు దాటినది. చెన్నపురి రాజధానిలోని దొరలు దానిని మరగి "లుంకా" యని పిలిచిరి. 1886లో వెలువడిన "హాబ్సన్ జాబ్సన్" అను నిఘంటువునందు ఆ మాటకు గోదావరి లంకలనుండి వచ్చినదని యర్థము వ్రాయబడియున్నది. కానన్ డాయిల్ 1890లో ప్రకటించిన "ది సైన్ ఆఫ్ ఫోర్" అను నవలలో షెర్లాక్ హోమ్సు నూటనలువది విధముల పొగాకుబూడిదలను భేదించి గుర్తింపగలనని చెప్పుచు, లంకచుట్టను, తిరుచిరాపల్లి చుట్టను ఉదాహరించినాడు. గోదావరి యాకు రంగూనునకు ఎగుమతియై బర్మాచుట్టలలో చేరినది. మన లంకరైతు ఎన్నడు వినని నగరములలో ఆతని యొండ్రుమట్టి పొగయై లేచినది. ఆ కీర్తిలో రైతుపేరు గాని, చుట్టలుచుట్టిన కూలివాని పేరు గాని యెక్కడను లేదు.

ఈ విషయమున క్యూబా కార్మికుల చరిత్రము చెప్పదగియున్నది. హవానా నగరములో చుట్టలుచుట్టువారు దినమంతయు బల్లలముందు కూర్చుండి చేతులతో పనిచేయుదురు. చెవులు ఖాళీగా నుండును. 1865లో "ఎల్ ఫిగరో" అను కర్మాగారములో వారు తమలో తాము చందాలు వేసికొని, పని జరుగుచుండగా వార్తాపత్రికలను, గ్రంథములను బిగ్గరగా చదివి వినిపించుట కొక చదువరిని ఏర్పఱచుకొనిరి. ఆచారము ఇతర కర్మాగారములకు ప్రాకెను. స్పెయిను ప్రభుత్వము భయపడి మఱుసటియేడే దానిని నిషేధించెను గాని, అది మఱల తలయెత్తినది. అక్షరములు రానివారు సైతము నవలలను, రాజకీయములను విని చర్చించిరి. ఆ పిమ్మట క్యూబా స్వాతంత్ర్యమునకై హోసె మార్తీ ధనము సేకరించినప్పుడు, ఫ్లోరిడాలోని చుట్టకార్మికులు తమ కూలిడబ్బులలోనుండి చందాలిచ్చిరి. చుట్టవలన లోకమునకు గలిగిన మేలేదియని యడిగిన, పొగలో గాక, ఆ పొగను చుట్టిన చేతులప్రక్కన జరిగిన చదువులో వెదకవలెను.

మన సాహిత్యమునందు చుట్టకు గల స్థానము చదువరు లెఱుగనిది కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడినది. నేడు మనము చదువుచున్నది 1909నాటి విస్తృతమైన కూర్పు. అందు గిరీశమునొద్ద తాను నేర్చుకొన్నది చుట్టకాల్చుట యొక్కటియే యని శిష్యుడు వెంకటేశము వాపోవును. గిరీశము సిగ్గుపడక, దొరలు అంత గొప్పవారగుటకు చుట్టయే కారణమని బోధించును. గరుత్మంతుడు అమృతమును తెచ్చునప్పుడు పొగచెట్టు పుట్టినదని పద్యమును కూడ చదువును. ఈ హాస్యములో చరిత్రము దాగియున్నది. పరంగులు బుద్ధిమంతులు గనుక వారి యాచారము మంచిదన్న అసద్‌బేగు వాదమే మూడువందల యేండ్లకు గిరీశము నోట వెలువడినది. అమెరికానుండి యోడనెక్కి వచ్చిన మొక్కకు అమృతముతో చుట్టరికము కలిపిన పద్యము, పరాయివస్తువునకు పురాణమెట్లు పుట్టునో చూపుచున్నది. ఉభయవాదములను ఒక్కనోటనే పలికించుటలో అప్పారావుగారి యభిప్రాయము స్పష్టము: నవీనుడు దొరలను జూపి కాల్చును, పూర్వాచారపరుడు పురాణమును జూపి కాల్చును, కాల్చుట యందు భేదము లేదు. సంస్కరణమును గూర్చి ఉపన్యసించు గిరీశము పసివానికి మొదట నేర్పినది చుట్ట యనుట కూడ మనము మఱవరాదు.

అప్పటికే రుచి మఱల మాఱుచుండెను. 1912లో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ గుంటూరిలో నెలకొల్పబడినది. 1920లో గుంటూరుసీమలో వర్జీనియా పొగాకు సేద్యము మొదలైనది. 1928లో కొలిమిగొట్టముల వేడితో ఆకును పండించు బ్యారనుల పద్ధతి వచ్చినది. ఈ పద్ధతిచేతనే రుచి యెట్లు మాఱినదో గ్రహింపవలెను. గాలికి మెల్లగా ఆరిన యాకులో చక్కెర హరించిపోవును. దాని పొగ క్షారగుణము గలది. గొంతును మండించును గనుక లోనికి పీల్చుట కష్టము, కాని నికోటిను నోటిలోని పొరలద్వారానే నెత్తురులో చేరును. బ్యారనులో త్వరగా పండి పచ్చబడిన యాకులో చక్కెర నిలిచిపోవును. దాని పొగ ఆమ్లగుణము గలదై మెత్తగా దిగును. ఊపిరితిత్తులలోనికి పీల్చినగాని తృప్తి కలుగదు. చుట్ట నోటిది, సిగరెట్టు ఊపిరిది. ఒక తరములో పట్టణపు యువకులకు చుట్ట మోటుగను, సిగరెట్టు నాగరకముగను తోచినది. ఆ యువకుడును "నా రుచి నాది" యనియే పలికెను. ఆతని రుచిని మార్చినది గుంటూరు నల్లరేగడిలోని క్రొత్తపైరు, బ్యారను వేడి, కంపెనీవారి ప్రకటనలు.

పొగను లోనికి పీల్చము గనుక చుట్ట అపాయకరము కాదని చుట్టప్రియులు తఱచుగా చెప్పుదురు. ఇది చాల మోసకరమైన ఓదార్పు. ఊపిరితిత్తులకు చేరు పొగ తగ్గిన మాట నిజమే. కాని నోరు, గొంతు, అన్నవాహిక ఆ పొగకు గుఱియగుచునే యున్నవి. పెద్ద చుట్ట యొకదానిలో ఒక సిగరెట్టుపెట్టెలోనంత పొగాకు ఉండవచ్చును. అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ 1998లో చుట్టలను గూర్చి ప్రకటించిన నివేదిక నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సరులకు చుట్ట కారణమగుచున్నదని తేల్చిచెప్పినది. తేలికచుట్ట, ఘాటుచుట్ట యను భేదము నాలుకకే గాని రోగమునకు లేదు.

ఈ సత్యమును లోకమునకు చూపినవారిలో మన తెలుగుపల్లెల స్త్రీలున్నారు. విశాఖపట్టణము, విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములలో స్త్రీలు విశేషముగా చుట్టను తలక్రిందుగా, అనగా నిప్పుకొనను నోటిలో నుంచుకొని కాల్చుదురు. దీనిని అడ్డచుట్ట యనియు అడ్డపొగ యనియు అందురు. గాలికి ఆరదు, బూడిద బట్టమీదను, చంకబిడ్డమీదను రాలదు, రెండుచేతులకు పని చిక్కును, ఒక చుట్ట చాలసేపు వచ్చును, ఆకలిని తెలియనీయదు. ఈ కారణములు వినినప్పుడు ఇది రుచి యనిపించునా? ఇవి పనివత్తిడి, పేదఱికము చెప్పెడి కారణములు. తల్లిని చూచి కూతురు నేర్చుకొనును. క్యూబాచుట్టను దీపపువెలుతురులో త్రిప్పిత్రిప్పి చూచి కొనువాని యెన్నికకును, చేపలబుట్ట నెత్తిన బెట్టుకొని నోటిలో నిప్పు దాచుకొని నడచిపోవు నామె యలవాటునకును నడుమనున్న దూరము తలచుకొన్నవారికి, రుచి స్వాతంత్ర్యమను మాట యెవరికి వర్తించునో తెలియగలదు.

1945లో ఖానోల్కరు, సూర్యాబాయి యను పరిశోధకులు దేశాచారములకును క్యాన్సరునకును గల సంబంధమును గూర్చి ప్రకటించిన వ్యాసమున ఈ అడ్డచుట్టవలన అంగిలికి వచ్చు క్యాన్సరును వర్ణించిరి. సిగరెట్టునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును గూర్చి డాల్, హిల్ అనువారు లండనులో చేసిన సుప్రసిద్ధమైన పరిశోధన వెలువడినది 1950లో. దానికి అయిదేండ్లు ముందే మన పల్లెస్త్రీల నోళ్లు ఈ పాఠమును చెప్పినవి. 1971లో పిండ్బోర్గు, మెహతా మొదలగువారు 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి, అంగిలియందలి మచ్చలకును పుండ్లకును అడ్డచుట్టతో గల సంబంధమును నిరూపించిరి. అక్బరుకొలువులో వైద్యుడు కోరిన పరీక్ష జరిగినది. అది పరీక్షయని తెలియక, తెలిపి యడిగినవారు లేక, ఈ స్త్రీలు తమ దేహములనే ఒప్పగించిరి.

ఇచ్చట ఒక యాక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. పేదవానికి గల ఒక్క చిన్నసుఖమును లాగుకొనుట సంస్కరణమా యని కొందఱు కరుణామయులు అడుగుదురు. మఱికొందఱు, ఎంత చెప్పినను పల్లెజనులు మానరందురు. మొదటివారికి, ఆ సుఖమును అనుభవించువారికి దాని వెల ముందుగా తెలియజేయబడినదా యని మనము ప్రశ్న వేయవచ్చును. వెల చెప్పక అమ్మినది సుఖము కాదు, అప్పు. రెండవవారికి ప్రత్యుత్తరము 1986లో వెలువడిన పరిశోధనలోనున్నది. ఎర్నాకులము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో ముప్పదియాఱువేలమంది పొగాకు వాడువారికి కార్యకర్తలు ఏండ్లతరబడి ఓపికతో నచ్చజెప్పగా, అట్టి బోధలేని పూర్వపుబృందములోకంటె ఎక్కువమంది ఆ యలవాటును మానిరి లేదా తగ్గించిరి. రాజశాసనమునకు లొంగని రుచి ఇరుగుపొరుగు మాటకు లొంగినది. 2003లో పొగాకు ప్రకటనలను నిషేధించుచు చట్టము వచ్చినది. 2008నుండి బహిరంగస్థలములలో పొగత్రాగుట నిషిద్ధమైనది. అవి మంచివే. కాని సిగరెట్టుపెట్టెమీది బొమ్మ, ఆకునే కొని తానే చుట్టుకొనువారి కంటబడదు. అచ్చటికి చట్టము పోలేదు, మనుష్యుడే పోవలెను.

పొగాకు పండించువారిని గూర్చియు ఒకమాట. గుంటూరులో పొగాకుబోర్డు 1976లో ఏర్పడినది. రాజమహేంద్రవరములో పొగాకు పరిశోధనాలయము 1947లో స్థాపింపబడినది. గుంటూరు, ప్రకాశము, గోదావరి మండలములలో వేలకుటుంబములు ఈ పైరును నమ్ముకొని బ్రదుకుచున్నవి. వారిని దోషులుగ నెంచుట న్యాయము కాదు. మేలైన ఆకునకు మంచిధర వచ్చునని ప్రభుత్వమును, కంపెనీయును చెప్పగా వారు పండించిరి. కాల్చువారికి మానుమని చెప్పునప్పుడు, పండించువారికి వేఱొక పైరు చూపుట సంఘముయొక్క బాధ్యత.

ఇక మొదటి ప్రశ్న. రుచికి దగిన చుట్ట యేది? నునుపైన పైయాకు, సమమైన నిప్పు, నిలిచిన బూడిద, ఈ పరీక్షలు చుట్టను గూర్చినవి. చరిత్రము చెప్పు పరీక్షలు కాల్చువానిని గూర్చినవి. నీకు మొదటిచుట్ట నిచ్చినవాడెవ్వడు? ఎవ్వరిని జూచి దానిని గొప్పయనుకొంటివి? నేడు మానదలచిన మానగలవా? మానజాలనివాడు ఎన్నుకొన్నాడనుట భాషాదోషము. చుట్టయే ఆతని నెన్నుకొన్నది.

గృహములలో జరుగవలసిన పని పెద్దదేమియు కాదు. పొయ్యిలోని నిప్పు తెమ్మని పసివానిని పంపుట మొదట మానవలెను; పెక్కుమంది బాలురు ఆ నిప్పును దారిలో రాజవేయుటకై తామే మొదటిపొగ పీల్చినవారు. ఇంటిలో పనిచేయు నామె అడ్డచుట్ట కాల్చుచున్నయెడల నవ్వుటయు, చీదరించుకొనుటయు మాని, ఆమెను కూర్చుండబెట్టి నోరుతెఱువుమని, అంగిలిమీద తెల్లని మచ్చగాని మానని పుండుగాని యున్నదేమో చూచి, ఉన్నచో ఆలసింపక వైద్యునియొద్దకు తోడుకొనిపోవలెను. ఆమె రుచిని మనము ప్రశ్నింపనక్కఱలేదు. ఇంతవఱకు ఎవ్వరు నామెకు చెప్పని మాటను చెప్పిన చాలును.